పోయినేడు గుట్ట ఎక్కింది ఎవరు

మా ఆయన సాయిచంద్‌కు కుక్కలంటే భయం. నేను పరుగు మొదలుపెట్టడానికి కారణం అదొక్కటే. లింగంపల్లిలో మా కాలనీ నుంచి తెల్లవారకముందే పరుగుకు ఒంటరిగా బయలుదేరితే వీధి కుక్కలు వెంటపడుతున్నాయని, కర్ర పట్టుకుని నన్ను తోడు రమ్మన్నాడు. కొన్నాళ్ళు ఆయన వెనక ఉరికాను. తర్వాత పక్కన, ఆ తర్వాత ముందర. కుక్కలు నాకు అలవాటు పడ్డాయి గానీ ఆయన పడలేదు.

ప్రతి చలికాలం ఖాజాగూడ గుట్టల్లో పది కిలోమీటర్ల పరుగు పోటీ పెడతారు. చదును దారి తక్కువ, బండలే ఎక్కువ. ఆఖర్లో ఒక ఏటవాలు బండ ఉంది, దాన్ని చేతులు కూడా ఆనించి ఎక్కాలి. మా తల్లిగారిల్లు ఖాజాగూడే. చిన్నప్పుడు సీతాఫలాల కోసం ఆ బండ ఎన్నిసార్లు ఎక్కానో లెక్కలేదు. సాయిచంద్ మాత్రం మొదటి ఏడాది దాన్ని కూర్చుంటూ లేస్తూ ఎక్కి, అందరూ ఇళ్ళకు పోయే వేళకు వచ్చాడు.

పోయినేడు పోటీ ముందు రోజు ఆఫీసు పార్టీలో ఏం తిన్నాడో ఏమో, పొద్దున కడుపు పట్టుకుని మంచం దిగలేదు. నంబరు కాగితం ఊరికే పోతుందని నన్ను పొమ్మన్నాడు. చొక్కాకు గుచ్చుకునే ఆ కాగితం వెనక చిన్న చిప్పు ఉంటుంది. గీత దాటగానే ఎవరి నంబరైతే వాళ్ళ పేరు మీద టైం పడుతుంది. లోపల ఉన్న మనిషి ఎవరన్నది దానికి అనవసరం. టోపీ కిందికి లాగి, స్వెటర్ మీద ఆయన నంబరు గుచ్చుకుని ఉరికాను. అంతకుముందు ఆయనకు పట్టిన టైంలో దాదాపు అరగంట తగ్గింది. ఫలితాల్లో సాయిచంద్ అని వచ్చింది.

అక్కడితో అయిపోతే నేనూ మరిచిపోయేదాన్ని. కంపెనీలో ఆయనతో కేకు కోయించారు. రన్నర్ల జట్టుకు కెప్టెన్‌ను చేశారు. సొమ్మొకడిది సోకొకడిది అంటే ఏమిటో ఆయన కేకు ముక్క ఇంటికి తెచ్చి నా నోట్లో పెట్టినప్పుడు తెలిసింది. నిజం ఎప్పుడు చెబుతావని అడిగితే సమయం చూసి చెబుతానన్నాడు. ఏడాదంతా ఆయనకు సమయం దొరకలేదు. నాకు కోపం రాలేదని అబద్ధం చెప్పను. ఆ ఏడాది మాడిన దోశలన్నీ ఆయన కంచంలోనే పడ్డాయి.

ఈసారి నా పేరు నేనే రాయించుకున్నాను. ఆ టైంను నా పేరుతో దాటాలి, అంతకుమించి ఇంకేమీ అక్కర్లేదు. సాయిచంద్ కూడా దాన్నే దాటాలి, కెప్టెన్ కదా. మొగుడూ పెళ్ళాం ఇద్దరం ఒకే టైం వెంట పడ్డాం, అదీ నాదే.

పోటీ మొదలవగానే ఆయన నన్ను దాటి పోయాడు. ఆ వేగం ఆయన కాళ్ళది కాదని తెలిసి నా అడుగు నేను మార్చలేదు. సగం దాటాక గడియారం చూసుకుంటే పోయినేటి కన్నా ముందే ఉన్నాను. ఏటవాలు బండ కింద ఆయన కనిపించాడు. పిక్క పట్టేసి, రెండు చేతులతో దాన్ని పట్టుకుని కూర్చున్నాడు. చూసీ చూడనట్టు పోదామనే అనుకున్నాను, కాళ్ళు ఒప్పుకోలేదు. వంగి పిక్క రుద్దాను, నీళ్ళు తాగించాను. వెనకవాళ్ళు మమ్మల్ని దాటి పోతున్నారు. గీత దగ్గర మైకులో చదివే పేర్లు బండ దాకా స్పష్టంగా వినిపిస్తున్నాయి.

ఆయన పిన్నులు తీసి, నంబరు కాగితం నా ముందు చాపాడు.

"ఇది జేబుల పెట్టుకొని పో ప్రియా. నీ టైం నీకే ఉంటది, నాకు గూడ గదే పడ్తది. ఇగ ఇదొక్కసారే."

నా చెయ్యి సగం లేచింది కూడా. అలవాటు మరి. మళ్ళీ దించేశాను.

"నీ నంబరు నీ కాళ్ళ మీదనే రావాలె," అని చెప్పి బండ ఎక్కాను.

గీత దాటి చూసుకుంటే పోయినేటి కన్నా ఒక నిమిషం ఎక్కువ పట్టింది. ఆ నిమిషం ఎక్కడ పోయిందో నాకు తెలుసు. అరచేతులకు ఇంకా ఆయన కాలి దుమ్ము అంటుకునే ఉంది. ఏడుపొచ్చింది.

మైకు పట్టుకున్న గిరీష్ ఆయన జట్టువాడే, కోస్తా మనిషి. మేడమ్‌గారు మొదటిసారే ఇంత బాగా పరిగెత్తారండి, సార్ రికార్డు ఒక్క నిమిషం తేడాతో తప్పిపోయిందండి అని అందరికీ చెప్పి, ఏమంటారని మైకు నా నోటి ముందు పెట్టాడు. ఏమీ అనకుండా నవ్వేసి పోవచ్చు. ఏడాదిగా చేస్తున్నది అదే కదా.

"మొదటిసారి కాదు," అన్నాను. "పోయినేడు సాయిచంద్ నంబరు పెట్టుకొని ఉరికింది నేనే. ఆ టైం నాది."

గిరీష్ మైకు వెనక్కి తీసుకోవడం మరిచిపోయాడు.

సాయిచంద్ చాలాసేపటికి కుంటుకుంటూ వచ్చాడు. నంబరు మళ్ళీ గుచ్చుకున్నాడు, వంకరగా. కంపెనీవాళ్ళందరికీ ఒక్కసారిగా ఫోన్లలో పని పడింది. నేను చప్పట్లు కొట్టాను. కోపం పోయి కాదు, ఈసారి వచ్చింది ఆయనే కాబట్టి. గీత దాటి వచ్చి నా పక్కన నిలబడ్డాడు.

"బండ కిందికి మంచిగనే వినొచ్చింది," అన్నాడు.

"నువ్వు చెప్తవని ఏడాది సంది చూసిన."

ఆయన తన పిక్క వంక చూసుకున్నాడు.

"గా ఒక్క నిమిషం మాత్రం నాదే గద," అన్నాడు. "అది నా పేరు మీద రాస్కో."

రాసుకున్నానని చెప్పాను.