ఒంటిచేతి తలస్నానం

ముప్పై ఏళ్ళు అందరి తలలూ కడిగిన మనిషికి తన తల తను కడుక్కోవడం చేతకాకుండా పోయింది.

ఆయన్ని అందరూ మాస్టారు అనేవాళ్ళు. బళ్ళో పాఠాలు చెప్పిన మాస్టారు కాదు, సెలూన్ నడిపిన మాస్టారు. పని నేర్చుకోవడానికి వచ్చినవాళ్ళు మొదలుపెట్టిన పిలుపది. తర్వాత కస్టమర్లు అందుకున్నారు. చివరికి కట్టుకున్న భార్య కూడా కోపం వస్తే "చాల్లెండి మాస్టారూ" అనేది. మూడు కుర్చీలు, తల వెనక్కి వాల్చుకునే బేసిన్ ఒకటి, గోడ పొడుగునా అద్దం. అదే ఆ సెలూన్. ఎనిమిది నెలల కిందట ఒకాయన మెడ మీద జుట్టు సరిచేస్తుంటే ఎడమచేతిలోంచి దువ్వెన జారిపడింది. తీద్దామని వంగిన మాస్టారు మళ్ళీ లేవలేదు. పక్షవాతం అన్నారు.

ఆసుపత్రి నుంచి వచ్చాక మాట తిరిగొచ్చింది. కాలు ఈడుస్తూనైనా నడక వచ్చింది. ఎడమచెయ్యి మాత్రం రాలేదు. ఎవరో మోయమని భుజానికి తగిలించి వెళ్ళిన సంచిలా వేలాడుతుండేది. సెలూన్ తమ్ముడు చూసుకుంటున్నాడు. మాస్టారు అటువైపు మళ్ళీ అడుగు పెట్టలేదు.

ఒక్క చేత్తో అన్నం తినడం, చొక్కా తొడుక్కోవడం, గడ్డం గీసుకోవడం అన్నీ అలవాటు చేసుకున్నాడు. ఒంటికి సబ్బు రుద్దుకోవడం కూడా పెద్ద కష్టం కాలేదు. తల దగ్గరే చిక్కొచ్చింది. షాంపూ సీసా వంచడానికి ఒక చెయ్యి కావాలి, ఆ షాంపూ పట్టుకోవడానికి ఇంకో చెయ్యి కావాలి. నేరుగా తలమీద వంపుకుంటే సగం సీసా ఖాళీ అయ్యి కళ్ళలోకి దిగింది. మూత పళ్ళతో తీయబోతే నోట్లోకి పోయి పొద్దున్నంతా నురగలు కక్కాడు. కూతురు పైన నొక్కే సీసా కొనిచ్చింది. నొక్కితే షాంపూ వచ్చింది, పట్టే చెయ్యేదీ? మోకాలు మీద పోసుకుని అక్కణ్ణుంచి తలకెత్తుకుందామనుకుంటే, దారిలోనే అంతా జారిపోయింది.

అంచేత భార్యే కడిగేది. ఆవిడ కళ్ళద్దాల షాపులో పనిచేసేది. తొమ్మిదికల్లా కౌంటర్లో ఉండాలి. వచ్చినవాళ్ళకి ఫ్రేము చెవుల మీద సరిగ్గా కూర్చుందో లేదో చూసి, కొంచెం వేడి చేసి వంచి ఇవ్వడం ఆవిడ పని. బుధవారం, ఆదివారం పొద్దున్నే మాస్టారిని ప్లాస్టిక్ స్టూలు మీద కూర్చోబెట్టి తల కడిగేది. ఆయన కూర్చుని ఊరుకునే రకమా?

"గోళ్ళతో కాదు, వేళ్ళ కొసలతో రుద్దాలి."

"సరే."

"అంత నురగెందుకు? నురగ వస్తే మురికి పోయినట్టు కాదు."

"సరేనండీ."

"చెవి వెనక వదిలేశావు. అందరూ అక్కడే వదిలేస్తారు."

"ఇంకొక్క మాట మాట్లాడారంటే ఈ సీసా నోట్లోనే వంపుతాను."

ఆయన నవ్వేవాడు, ఆవిడా నవ్వేది. కానీ తల వంచుకుని కళ్ళు గట్టిగా మూసుకున్న ఆ కాసేపూ మాస్టారికి ఏదోలా ఉండేది. ఇన్నేళ్ళూ తన చేతికింద తల వాల్చినవాళ్ళకీ ఇలాగే ఉండేదా అనుకునేవాడు. ఉండదు. వాళ్ళు కావాలని వచ్చి వాల్చారు.

ఒక బుధవారం ఆవిడకి ఆలస్యమైంది. గబగబా పోసేసరికి నురగ ఆయన కంట్లో పడింది. "కళ్ళు కనబడటంలేదా? నెమ్మదిగా చెయ్యలేవూ?" అని అరిచాడు. ఆవిడ మగ్గు కింద పెట్టేసింది.

"నాకున్నవీ రెండు చేతులేనండీ," అంది ఏడుపు గొంతుతో.

అనేశాక నాలుక కరుచుకుంది. ఆయన తల తుడిచేసి వెళ్ళిపోయింది. ఆ సాయంత్రం మాస్టారు చెప్పాడు, "ఇకనుంచి ఆదివారం ఒక్కటీ చాలు. వారానికి రెండుసార్లు తల కడగాలని ఎక్కడా రాసిలేదు."

ఆ మాట అన్నది ఎవరో కాదు, తలకి మురికి పడితే మనసుకీ పడుతుందని ముప్పై ఏళ్ళు అందరికీ నీతులు చెప్పిన మనిషి. మంగళవారానికల్లా దురద మొదలయ్యేది. శుక్రవారానికి ఇంట్లో కూడా టోపీ పెట్టుకుని కూర్చునేవాడు. భార్య చూస్తూనే ఉండేది. ఏమన్నా అంటే ఆయన ఎక్కడ నొచ్చుకుంటాడోనని మానేసేది.

వాళ్ళ కూతురు ఈతకొలనులో పిల్లలకి ఈత నేర్పుతుంది. వేరే చోట గది తీసుకుని ఉంటుంది, నెలకోసారి వస్తుంది. ఆసారి వచ్చి వెళ్తూ స్నానాలగదిలో ఒక రేకు డబ్బా మర్చిపోయింది. మాస్టారు మూత తీసి చూశాడు. లోపల గుండ్రటి బిళ్ళ, ఆకుపచ్చా కాదు, గోధుమరంగూ కాదు. వాసన బాగానే ఉంది. ఫోన్ చేశాడు.

"ఏదో సబ్బు వదిలేసి పోయావు."

"సబ్బు కాదు నాన్నా, షాంపూ. బిళ్ళ షాంపూ."

"షాంపూకి బిళ్ళేమిటే?"

"సంచిలో సీసా పెడితే మూత ఊడి తువ్వాలంతా షాంపూ అవుతోంది. అందుకని ఇది వాడుతున్నా. అంతా నూనెలూ ఆకులూనే. నా దగ్గర ఇంకోటుంది, అది ఉండనీ."

"సబ్బు రుద్దితే జుట్టు చీపురుకట్ట అవుతుంది. నా కూతురివై ఉండి తలకి బట్టల సబ్బు రుద్దుకుంటున్నావా?"

"నువ్వు రుద్దుకోకులే నాన్నా," అని నవ్వి పెట్టేసింది.

ఆయన డబ్బా మూసి గూట్లో పెట్టేశాడు. బుధవారం పొద్దున తలంతా చీమలు పాకుతున్నట్టుంది. భార్య ముందుగదిలో చీరకి ఇస్త్రీ చేస్తోంది. మాస్టారు స్నానానికి వెళ్ళాడు. స్టూలు మీద కూర్చుని తల తడుపుకున్నాడు. కళ్ళు గూటివైపు పోయాయి. బిళ్ళ తీసి అరచేతిలో పెట్టుకుని నేరుగా తలమీద రుద్దాడు. ముందు ఏమీ రాలేదు. ఇంకో నాలుగుసార్లు రుద్దేసరికి వేళ్ళకింద మెత్తగా తగిలింది. నురగ! వంచేది లేదు, పట్టేది లేదు. ఆ చెయ్యే రుద్దింది, ఆ చెయ్యే బిళ్ళ పక్కన పెట్టింది, ఆ చెయ్యే వేళ్ళతో తలంతా పాకింది.

రెండోసారి రుద్దబోతే బిళ్ళ జారింది. టకటకా దొర్లి బకెట్టు వెనక్కి పోయింది.

ఆ చప్పుడు భార్య విన్నది. ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి తలుపు దగ్గరికొచ్చింది. లోపల స్టూలు కిర్రుమంది. ఆయన వంగుతున్నాడని తెలిసిపోయింది. వంగితే ఏమవుతుందో కూడా తెలుసు. గడియ లోపల వేసుకున్నాడు.

"ఏమండీ, ఏం పడింది?"

"ఏం లేదు."

"తలుపు తియ్యండి, నేను తీసిస్తా."

"వద్దు."

"తడినేల అది..."

"నేను పిలిచేదాకా ఉండు," అన్నాడాయన. గొంతులో కోపం లేదు. అడుగుతున్నట్టుగా ఉంది.

ఆవిడ గోడ గడియారం వైపు చూసింది. ఎనిమిదిన్నర. తలుపుకి చెయ్యి ఆనించి అలాగే నిలబడింది. లోపల బకెట్టు జరిగిన శబ్దం, తర్వాత కాలితో నేలమీద తడుముతున్న శబ్దం. బాగున్న కాలితో బిళ్ళని కొంచెం కొంచెంగా తనవైపు లాక్కుంటున్నాడు. ఒకసారి దొరికి మళ్ళీ జారినట్టుంది, "ఓసి నీ..." అని తిట్టాడు. ఆవిడకి నవ్వూ ఏడుపూ రెండూ వచ్చాయి. చివరికి బిళ్ళని పాదంతో గోడకి అదిమి, గోడమీదుగా మోకాలిదాకా ఎక్కించి, చేత్తో అందుకున్నాడు. ఈ సంగతి ఆయనే తర్వాత పదిమందికి చెప్పుకున్నాడు. నీళ్ళు పోసుకున్న చప్పుడు వినబడింది.

తలుపు తెరుచుకునేసరికి తొమ్మిదికి పది నిమిషాలు. ఆయన తువ్వాలు భుజాన వేసుకుని, తడితలతో, గెలిచొచ్చినవాడిలా నిలబడ్డాడు. ఎడమచెవి వెనక అరంగుళం నురగ అలాగే ఉంది. ఆవిడ నోరు తెరవబోయి, మూసేసుకుంది. వెళ్ళొస్తానని చెప్పి బస్సుకోసం పరుగెత్తింది.

కథ అక్కడితో సుఖాంతం కాలేదు. వారం తిరిగేసరికి మాస్టారి జుట్టు మైనం పూసినట్టయింది. దువ్వెన పళ్ళ మధ్య తెల్లగా ఏదో పేరుకుంటోంది.

"చెప్పానా, చీపురుకట్ట అవుతుందని!" అని తన మీద తనే కేకలేసుకున్నాడు.

"మానేసి నన్నే కడగమంటారా?" అంది భార్య.

ఆయన అద్దం ముందు కూర్చుని ఆ తెల్లటి పొడి వేళ్ళమధ్య నలిపి చూశాడు. తర్వాత వంటింట్లోకి పోయి నీళ్ళు కాచే గిన్నె తిరగేసి అడుగు చూశాడు. అక్కడా అదే తెలుపు. తప్పు బిళ్ళది కాదు, కుళాయిలో వచ్చే ఉప్పునీళ్ళది. కూతురికి ఫోన్ చేస్తే, తనకీ మొదట్లో అలాగే అయిందనీ, చివర్లో మగ్గుడు నీళ్ళలో కాస్త నిమ్మరసం కలిపి పోసుకోమనీ చెప్పింది.

"ముందే చెప్పొచ్చుగా!"

"నువ్వు బట్టల సబ్బన్నావుగా!"

ఆదివారం నిమ్మకాయ చెక్క పిండుకున్న నీళ్ళ మగ్గుతో స్నానానికి పోతుంటే భార్య అడ్డంపడింది. "ఉప్పూ కారం కూడా చల్లమంటారా? ఎండబెట్టేస్తే నిల్వ ఉంటారు."

నాలుగుసార్లయ్యాక జుట్టు దారికొచ్చింది. ఇంకో మూడు వారాలకి, ఏళ్ళ తరబడి వాడిన సీసా షాంపూ కన్నా ఇదే తేలిగ్గా ఉందని ఆయనే ఒప్పుకున్నాడు. రోజు విడిచి రోజు తలస్నానం. టోపీ కొక్కేనికి ఎక్కింది. భార్యకి ఆదివారం పొద్దున కూడా అరగంట మిగిలింది. మొదట్లో ఏం తోచక తలుపు బయటే తచ్చాడేది. తర్వాత ఒకరోజు కాఫీ గ్లాసు పట్టుకుని మెట్లమీద కూర్చుని మొత్తం తాగింది, చల్లారకముందే.

నెలకోసారి తమ్ముడు ఇంటికొచ్చి అన్నగారికి క్షవరం చేసేవాడు. ఆసారి దువ్వెన పెట్టగానే ఆగిపోయాడు.

"జుట్టు ఇంత బాగుందేమిటన్నయ్యా? వదిన చెయ్యి తిరిగిందా?"

"మీ వదిన కాదు, నేనే."

తమ్ముడు నమ్మలేదు. మాస్టారు బిళ్ళ తెప్పించి, కూర్చున్నచోటే గాల్లో రుద్ది చూపించాడు. తమ్ముడు కత్తిరిస్తూ కత్తిరిస్తూ సెలూన్ కబుర్లు చెప్పాడు. ఒక్కడే కత్తిరించాలి, ఒక్కడే కడగాలి. కడుగుతుంటే కుర్చీలో వాళ్ళు విసుక్కుంటున్నారు, కొందరు లేచి పోతున్నారు.

"కడగడానికి నేనొస్తా," అన్నాడు మాస్టారు.

తమ్ముడు నవ్వాడు. అద్దంలో అన్న ముఖం చూసి నవ్వు ఆపేశాడు. "అక్కడ నేలంతా తడి అన్నయ్యా. నువ్వు జారితే వదిన నన్ను బతకనిస్తుందా?"

"ముందు నీ తల కడుగుతా. నచ్చకపోతే తిరిగొచ్చేస్తా."

సోమవారం సెలూన్‌కి సెలవు. ఆరోజు వెళ్ళారు. భార్య కూడా ఏదో వంక చెప్పి వెంట వచ్చింది. పది నెలల తర్వాత లోపలికి అడుగుపెట్టిన మాస్టారు ముందు కుర్చీలు చూశాడు, తర్వాత ఆ దువ్వెన జారిపడ్డ చోటు చూశాడు. బేసిన్ వెనక గోడకి వీపు ఆనించి నిలబడ్డాడు. "వాలు," అన్నాడు.

తమ్ముడు తల వాల్చాడు. మాస్టారు నీళ్ళ గొట్టం తీసుకుని తల తడిపాడు, గొట్టం కొక్కేనికి తగిలించాడు. బిళ్ళ అందుకుని నుదుటి దగ్గర్నుంచి వెనక్కి నాలుగు గీతలు గీసినట్టు రుద్దాడు, పక్కన పెట్టాడు. అప్పుడు వేళ్ళు దింపాడు. రెండు చేతులు కలిసి చేసే పనిని ఆ చెయ్యి వరసపెట్టి చేసుకుపోయింది. పట్టు మాత్రం పాతదే. చెవుల పైన చిన్నచిన్న సున్నాలు, మెడ గుంటలో బొటనవేలు. తమ్ముడు మొదట అన్న కాళ్ళవైపే చూస్తున్నాడు. కాసేపటికి కళ్ళు మూసుకున్నాడు. మూసిన రెప్పల పక్కనుంచి నీళ్ళు కారాయి. అవి కుళాయి నీళ్ళేనని ముగ్గురూ అనుకున్నట్టు నటించారు.

"నచ్చిందా?"

"రేపు ఎనిమిదింటికి రా అన్నయ్యా," అన్నాడు తమ్ముడు.

బేసిన్ కింద రబ్బరు చాప పరిచారు. ఒకే బిళ్ళ అందరి తలకీ రుద్దితే ఎవరూ ఒప్పుకోరు కనక, భార్య ఇంట్లో బిళ్ళల్ని సన్నటి తీగతో బొటనవేలంత ముక్కలు కోసి కాగితాల్లో చుట్టి ఇచ్చేది. మనిషికో ముక్క, మిగిలింది ఇంటికి పట్టుకుపోవచ్చు. అందరికీ నచ్చిందని చెప్పలేం. మొదటిరోజు ఒక కుర్రాడు "నాకు సబ్బు వద్దు, సీసా ఉంటే చెప్పండి" అన్నాడు. ఇంకొకాయన మాస్టారి ఎడమచెయ్యి చూసి, తలస్నానం ఇంట్లోనే చేస్తానని మెల్లగా తప్పుకున్నాడు. ఆ మాట గుచ్చుకుంది. మాస్టారు బేసిన్ తుడిచిందే తుడుస్తూ నిలబడ్డాడు. తమ్ముడు చూసీ చూడనట్టు కత్తెర ఆడిస్తూనే ఉన్నాడు.

పదిన్నరకి రాత్రి డ్యూటీ దిగిన ఒక వాచ్‌మన్ వచ్చాడు. ఏది పెట్టి కడిగినా తనకి ఫరవాలేదన్నాడు. తల వాల్చాడు. మాస్టారు తడిపి, రుద్ది, వేళ్ళు దింపి, మెడ గుంట దాకా వచ్చేసరికి గుర్రు వినబడింది. మనిషి నోరు తెరిచి ఒళ్ళు మరిచి నిద్రపోతున్నాడు.

"లేపనా అన్నయ్యా? వెనక ఇంకొకరున్నారు," అన్నాడు తమ్ముడు గుసగుసగా.

మాస్టారు తల అడ్డంగా ఊపాడు. వేళ్ళు ఆపలేదు. వెనక కూర్చున్నాయన పేపరు మడిచి, "ఫరవాలేదు, పడుకోనివ్వండి. తర్వాత నాక్కూడా అలాగే చెయ్యండి," అన్నాడు.