తొంభై మీద ప్రాణమిత్ర

బావమరిది బతకకోరతాడని సామెత. ఆ సామెత చెప్పిన మహానుభావుడికి బావ ఉండే ఉంటాడు గానీ, ఆ బావకి కంపెనీ ఉండి ఉండదు.

మా బావకి కంపెనీ ఉంది. టైర్ల షాపు మీద రెండు గదులు. కిటికీ తెరిస్తే రబ్బరు వాసన, మూస్తే ఉక్క. చేతిలో పట్టుకునే దారి చూపే పెట్టెలకి అక్కడ సాఫ్ట్‌వేరు తయారుచేయించేవాడు. ఫోన్లు ఇంకా మాట్లాడుకోవడానికే పనికొచ్చే రోజులవి. సబ్బుబిళ్ళంత ఆ పెట్టె ఉపగ్రహాలని అడిగి తెలుసుకుని, ‘కొంచెం ముందుకెళ్ళి ఎడమకు తిరగండి’ అని ఆడగొంతుతో చెప్పేది. తిరిగితే అప్పుడప్పుడు గోడ ఉండేది. దానికి బావ, “గోడ ఈ మధ్యే కట్టి ఉంటారు” అనేవాడు.

అమ్మకాలు అంతంతమాత్రం. షాపుల వాళ్ళందరూ ఒకటే మాట చెప్పారు. కొనడానికి వచ్చినవాడు దారి గురించి అడగడం లేదు. వేగం పట్టుకునే కెమెరాలు ఎక్కడెక్కడున్నాయో ముందుగా చెబుతుందా, లేదా అనే అడుగుతున్నాడు. చెప్పదంటే పెట్టెను అక్కడే పెట్టి వెళ్ళిపోతున్నాడు.

ఆ రోజు నుంచి మా బావకి జనం ప్రాణాల మీద ఎక్కడలేని మమకారం పుట్టుకొచ్చింది. కెమెరా దగ్గర పడుతుంటే మోగే ఏర్పాటు చేయించడం మొదలుపెట్టి, దానికి ‘ప్రాణమిత్ర’ అని పేరు పెట్టాడు.

“మనం కెమెరాల గురించి చెప్పడం లేదోయ్. ప్రమాదకరమైన చోట్ల గురించి హెచ్చరిస్తున్నాం” అన్నాడు నాతో.

“మరి ఆస్పత్రి దగ్గర మలుపు ఉంది కదా బావా, నెలకోసారి ఎవరో ఒకరు పడుతూనే ఉంటారు. అక్కడ మోగుతుందా?”

“అక్కడ కెమెరా లేదుగా.”

“అంటే ప్రమాదం లేదన్నమాట.”

“నీకు వ్యాపారం అర్థం కాదు” అని టీ తెమ్మన్నాడు.

నిజమే, నాకు అర్థం కాదు. నాకు వచ్చింది బండి నడపడం ఒక్కటే. అప్పటికి సిటీ బస్సు డ్రైవరుగా ఎంపికయ్యాను. కళ్ళ పరీక్ష అయింది, బస్సు వెనక్కి నడిపించి చూసే పరీక్ష అయింది. ఉద్యోగంలో చేరే రోజున లైసెన్సు మరోసారి చూస్తామనీ, అందాకా దాని మీద మచ్చ పడకుండా చూసుకోమనీ డిపో అధికారి చెప్పాడు. ఒకటి రెండు తప్పులైతే చూసీ చూడనట్టు పోతారట. వేగం కేసు మూడోది పడిందంటే లైసెన్సే ఆగిపోతుంది, దానితో పాటే ఉద్యోగం. చేరడానికి ఇంకా కొంత గడువు ఉంది. ఆ గడువే నా కొంప ముంచింది.

“ఊరికే ఇంట్లో కూర్చోకపోతే మీ బావకి కాస్త సాయం చెయ్యకూడదూ” అంది మా అక్క.

అమ్మ పోయాక నన్ను పెంచింది అక్కే. ఆమె మాట తీసెయ్యడం నాకు చేతకాదు. ఆ సంగతి ఆమెకన్నా బావకి బాగా తెలుసు.

కంపెనీలో ప్రోగ్రాము రాసే అమ్మాయి ఒకతె ఉండేది. బావ ఏం చెప్పినా, “కుదరదు సార్” అని మొదలుపెట్టి, సాయంత్రానికి కుదిర్చి పెట్టేది. అందుకని అందరూ ఆమెను కుదరదు అనే పిలిచేవాళ్ళం. వేగం హద్దు దాటినప్పుడు మాత్రమే పెట్టె మోగాలని ఆమె లెక్క. బుద్ధిగా పోయేవాడికి కూడా మోగితే, చిరాకు పుట్టి కట్టేస్తాడు. మాట సబబుగానే ఉంది. కానీ అది మోగుతుందో లేదో తెలియాలంటే, ఎవడో ఒకడు కెమెరా ముందు హద్దు దాటి పోవాలి.

“ఖాళీ రోడ్డు మీద ఉత్తుత్తి కెమెరా గుర్తొకటి పెట్టి చూద్దాం సార్. అది కుదురుతుంది” అంది కుదరదు. ఆమె నోట ఆ మాట వినడం అదే మొదలు.

“నీళ్ళు లేని తొట్టిలో ఈత నేర్చుకున్నట్టుంటుంది” అని బావ కొట్టిపారేశాడు. “ప్రభుత్వం అంత ఖర్చుపెట్టి బైపాసు మీద అసలు కెమెరా పెట్టింది. దాన్ని వాడుకోకపోతే ఎలా?”

బండి మాత్రం నాదే. నాన్న వాడిన పాత కారు, నా పేరు మీద ఉంది. బావ కొత్త కారు కింద నిలబెట్టి ఉన్నా పరీక్షకు పనికిరాదట. దాని అద్దాల్లోంచి ఉపగ్రహాలు సరిగ్గా అందవన్నాడు. నేను కుదరదు వైపు చూశాను. ఆమె కంప్యూటరు వైపు చూసింది.

బైపాసు మీద హద్దు అరవై. ఎనభైలో పోనిచ్చాను. ముందు కెమెరా తళుక్కుమంది. ఆ తర్వాత పెట్టె, ‘ముందు ప్రమాదకర స్థలం’ అంది. దొంగలు పడ్డ ఆర్నెల్లకి కుక్కలు మొరిగాయి.

కుదరదు ఏదో సరిచేసింది. రెండోసారి ముందుగానే మోగింది గానీ, ఒక్కసారి మోగి ఊరుకుంది. కెమెరా దాటేదాకా మోగుతూనే ఉండాలట. “బ్రేకు మీద కాలు పెట్టకు, చివరిదాకా చూడాలి” అన్నాడు బావ. పెట్టలేదు. మళ్ళీ తళుక్కుమంది. చెప్పిన మాట వినే బావమరిది దొరకడం అదృష్టం, బావమరిదికి కాదు.

మూడోసారికి నేను మొరాయించాను. ఇంకొక్కటి పడితే లైసెన్సు పోతుందనీ, లైసెన్సు పోతే బస్సు పోతుందనీ రోడ్డు పక్కన బండి ఆపి మరీ చెప్పాను.

“ఇంత పిరికివాడివనుకోలేదు. తాళం ఇటివ్వు” అన్నాడు బావ.

ఇచ్చాను. నేను వెనక సీట్లో కూర్చున్నాను. ముందు కుదరదు పెట్టె పట్టుకుని కూర్చుంది. బావ స్టీరింగు పట్టాడు. నాన్న కారు తొంభై చూడడం అదే మొదలు, దాని తలుపులన్నీ పళ్ళు కొరికాయి. పెట్టె సరిగ్గా ముందే మోగింది, ఆపకుండా మోగింది. దాని మోత విన్న ఆనందంలో బావ దాని మాట వినడం మరిచిపోయాడు. కెమెరా తళుక్కుమన్నప్పుడు ఆయన స్టీరింగు వదిలేసి చప్పట్లు కొడుతున్నాడు.

మూడోదాని నోటీసు కూడా మా ఇంటికే వచ్చింది. అందులో నా కారు వెనక భాగం, నంబరు అద్దంలా కనబడుతున్నాయి. నడిపినవాడు ఎవడో కనబడడం లేదు. బండి యజమాని కాక వేరేవాళ్ళు నడిపి ఉంటే, గడువులోగా ఆ మనిషి ఒప్పుకుని కింద సంతకం చెయ్యాలి. లేకపోతే యజమానే నడిపినట్టు లెక్క. తీసుకెళ్ళి బావ ముందు పెట్టాను.

“దానికేముంది, తప్పకుండా చేస్తాను. ప్రారంభోత్సవం కానీ” అన్నాడు మొదటి వారం.

“భద్రత అమ్ముకునే కంపెనీ యజమాని మీద వేగం కేసంటే షాపుల వాళ్ళు ఏమనుకుంటారు?” అన్నాడు రెండో వారం.

మూడో వారం వాళ్ళింటికే వెళ్ళాను. అక్క వంటింట్లోంచి చెయ్యి తుడుచుకుంటూ వచ్చి, ఏమిటి గొడవని అడిగింది. నేను నోరు తెరిచేలోపే బావ అందుకున్నాడు.

“మూడుసార్లూ తనే నడిపాడు. ఇప్పుడు ఒకటి నా నెత్తిన రుద్దుదామని చూస్తున్నాడు. పాపం, ఉద్యోగం పోతుందని భయం. నేను అర్థం చేసుకోగలను.”

అబద్ధం చెప్పినందుకు కాదు, జాలి కూడా పడ్డందుకు నాకు ఒళ్ళు మండిపోయింది.

“అక్కా, మూడోసారి నడిపింది బావ. నేను వెనక కూర్చున్నాను” అన్నాను.

అక్క బావ వైపు చూసింది. కప్పకీ పాముకీ మధ్య పడ్డ మనిషి చూసినట్టు చూసింది. “అయ్యిందేదో అయ్యింది. ఆయన మీద నింద వెయ్యడం దేనికిరా” అంది.

సాక్షి ఉంది కదా అని కుదరదును అడిగాను.

“మీకు ఉద్యోగం కావాలి. నాకూ కావాలి కదండీ. కుదరదు” అంది. ఈసారి సాయంత్రానికి కూడా కుదరలేదు.

ప్రారంభోత్సవం ఒక అద్దె హాల్లో పెట్టారు. మర్నాడే నోటీసు గడువు. కాగితం చొక్కా జేబులో పెట్టుకుని తిరుగుతున్నాను, ఆఖరి నిమిషంలోనైనా బావకి మనసు మారుతుందేమోనని ఆశ. కుర్చీలు వేసింది నేనే అని వేరే చెప్పక్కర్లేదు. ముందు వరసలో అక్క కూర్చుంది. వెనకంతా షాపుల వాళ్ళు. వాళ్ళలో పెద్దవాడు టోకు వర్తకుడు. ఆయన తలూపితే మిగతావాళ్ళు ఊపుతారు.

బావ ప్రాణాల విలువ గురించి మాట్లాడాడు. ప్రతి ఇంట్లోనూ మన కోసం ఎదురుచూసే వాళ్ళుంటారన్నాడు. గొంతు కూడా కొద్దిగా వణికించాడు. చివర్లో పెట్టె పైకెత్తి చూపించాడు.

టోకు వర్తకుడు కూర్చునే అడిగాడు. “ఉపన్యాసం బాగుందండీ. ఇది నిజంగా కెమెరా ముందు పరీక్ష చేసిందేనా, లేక గదిలో కూర్చుని చేసి తెచ్చారా?”

“రోడ్డు మీదే పరీక్ష చేశాం” అన్నాడు బావ.

“ఎవరో డ్రైవర్ని పంపించి ఉంటారు. వాడు సందులో బండి పెట్టుకుని నిద్రపోయి వచ్చి, బ్రహ్మాండంగా ఉందని చెప్పి ఉంటాడు. మాకు ఇలాంటివి అలవాటే లెండి.”

వెనక ఎవరో నవ్వారు. నష్టం వస్తే బావ తట్టుకోగలడు, అప్పు పుడితే తట్టుకోగలడు. నవ్వితే మాత్రం తట్టుకోలేడు.

“డ్రైవరా? బైపాసు మీద అసలు కెమెరా ముందు నేనే నడిపాను. తొంభై మీద పోయాను. అదిగో, ఆ నిలబడ్డవాడు మా బావమరిది, డ్రైవరే. భయపడిపోయి తాళం నా చేతికిచ్చి వెనక సీట్లో ముడుచుకుని కూర్చున్నాడు. కావాలంటే అడగండి. ఇదిగో, ఈ అమ్మాయి పక్కనే ఉంది.”

అందరూ కుదరదు వైపు తిరిగారు.

“అవును సార్. సారే నడిపారు” అంది ఆమె. యజమాని చెప్పమన్న మాటే చెప్పింది కాబట్టి, ఆమె ఉద్యోగానికి ఢోకా లేదు.

కాగల కార్యం గంధర్వులే తీర్చారు. టోకు వర్తకుడు తలూపాడు. వెనక తలలన్నీ ఊగాయి. బావ ముఖం వెలిగిపోయింది. ఆ వెలుగులో ముందు వరస కనబడడానికి ఆయనకి కొంచెం సమయం పట్టింది.

అక్క లేచి నా దగ్గరికి వచ్చింది. నా ముఖం చూడకుండా చెయ్యి చాపింది.

“ఆ కాయితం ఏది?”

ఇచ్చాను. దాన్ని మడత విప్పి, తిన్నగా వేదిక మీదికెళ్ళి, బల్ల మీద బావ ముందు పరిచింది. పక్కన పెన్ను పెట్టింది.

“ఇప్పుడు అందరికీ చెప్పిందే దీని మీద కూడా రాయండి” అంది మెల్లగా.

“ఇంటికెళ్ళాక చూద్దాం” అన్నాడు బావ పెదవులు కదపకుండా.

“ఇంట్లో మీరు వేరేగా చెప్పారు.”

టోకు వర్తకుడు మెడ సాచి, అదేమి కాగితమని అడిగాడు.

“రుజువండీ. ఈయన ఎంత వేగంతో పోయారో అధికారులే రాసిచ్చారు. ఈయన సంతకం ఒక్కటే మిగిలింది” అంది అక్క.

సంతకం చెయ్యకపోతే అబద్ధాలకోరు, చేస్తే నేరస్తుడు. బావ హాలంతా ఒకసారి చూశాడు. మనిషికి వ్యాపారం ముఖ్యం కదా, పెన్ను తీశాడు. తీసినవాడు మామూలుగా చెయ్యచ్చుగా, సినిమా హీరోలా మెలికలు తిప్పి, కింద గీత కూడా గీశాడు. షాపుల వాళ్ళు చప్పట్లు కొట్టారు. ప్రాణాల విలువ గురించి చెప్పినప్పుడు కూడా అంత గట్టిగా కొట్టలేదు. ఆ సాయంత్రం ఆర్డర్లు దండిగా వచ్చాయని తర్వాత విన్నాను.

అక్క బావ కారు ఎక్కలేదు. నాన్న కారు తలుపు తీసుకుని నా పక్కన కూర్చుంది. కాగితం ఆమె ఒళ్ళో ఉంది. నాకు సంతోషంగా ఉండాలి, లైసెన్సు నిలబడింది, బస్సు దక్కింది. ఉద్యోగం దొరికినా గుండెలో ముల్లు మాత్రం కదల్లేదు.

“ఆ వేళ నువ్వు నాకు గట్టిగా చెప్పాల్సిందిరా. నమ్మేదాన్ని కదా” అంది అక్క.

“చెప్పానక్కా.”

“నేను వినలేదంటావా?”

“విన్నావు. నేను చెబుతుంటే నువ్వు బావ ముఖం చూశావు.”

అక్క కిటికీ వైపు తిరిగి, ఇల్లు వచ్చేదాకా ఏడుస్తూనే ఉంది.