మొన విరిగిన కొమ్ము

ఖదీర్ బొటనవేలు నీళ్లలో ముంచి, నమూనా కవరు మీది రంగును మూడుసార్లు గట్టిగా రుద్దాడు. రంగు కదల్లేదు. వంటింట్లో పసుపు ప్యాకెట్‌ను పొడిచేత్తో పట్టుకునే మహాతల్లి ఇంకా పుట్టలేదని అతని నమ్మకం. ఆర్మూరులో దయాకర్ సేటు పసుపు మిల్లుకు ఇరవై రెండేళ్లుగా కవర్ల బొమ్మలు గీస్తున్నాడు. వంగిన వీపు, ముక్కు చివరికి జారే కళ్లద్దాలు, గోళ్ల సందున ఎంత కడిగినా వదలని పసుపు. ఇన్నేళ్లలో అతని పేరు ఒక్క కవరు మీదా పడలేదు.

ఈసారి పడుతుంది. కొత్త ప్యాకెట్ హైదరాబాదు దుకాణాలకు వెళ్తుందట. "ఎనక నీ పేరు కొట్టిస్త, ఖదీర్ భాయ్. నాది జబాన్," అన్నాడు దయాకర్. ఆ ఒక్క మాటకు నాలుగు నెలలు అరిగిపోయాడు ఖదీర్. పెర్కిట్ కిరాణా కొట్ల ముందు నిలబడి, కొనేవాళ్ల చెయ్యి ఏ ప్యాకెట్ మీదికి పోతుందో చూశాడు. నమూనాల్లో పసుపు నింపి, నిలబెడితే ఒరుగుతున్నాయని అడుగు వెడల్పు చేశాడు. లోపలి పొడి కనబడేలా కిటికీ పెట్టాడు, వెలుతురుకు పసుపు వెలిసిపోతుందని దాన్ని మళ్లీ చిన్నది చేశాడు. వెనకవైపు అంటించే సీలుకు చోటు వదిలి, దానిపైన తన పేరుకు వేలెడు జాగా ఉంచుకున్నాడు. భార్య ఫిర్దోస్ డబ్బాలోంచి ఏరిచ్చిన పసుపు కొమ్మును ముందు పెట్టుకుని బొమ్మ గీశాడు.

అప్పుడే దయాకర్ వంక పెట్టాడు. "మొన ఇరిగింది గదా. జర సక్కగ గీయి."

"పాలిష్ డ్రమ్ముల పడ్డంక మొన యాడుంటది సేటు? ఉన్నదే గీసిన."

నెల దాటాక ఒక మధ్యాహ్నం అచ్చయిన కవర్ల కట్టలు వచ్చాయి. దయాకర్ ఫోన్లోంచి తలెత్తలేదు. "పట్నపోళ్లకు నీది నచ్చలే భాయ్. మా మేనల్లుడు వంశీ కంప్యూటర్ల వేరేది జేసిండు."

ఖదీర్ ఒక కవరు తీశాడు. అదే కిటికీ. అదే కొమ్ము. అదే విరిగిన మొన. వెనక, తను వదిలిన వేలెడు జాగాలో 'రూపకల్పన: వంశీ' అని ఉంది.

"సేటు, గీ మొన ఎందుకిరిగింది?"

"డ్రమ్ముల పడ్డంక మొన యాడుంటదని నువ్వే జెప్తివి గదా."

పరాయివాడు చేస్తే తిట్టి ఊరుకునేవాడు. ఇతన్ని నమ్మాడు. సాయంత్రం తన పేరున్న కవరు తెస్తానని పొద్దునే బిడ్డ అఫ్షాకు మాటిచ్చి వచ్చాడు. కోపం కన్నా సిగ్గు ఎక్కువైంది.

వేలు తడిపి వంశీ పేరు మీద మూడుసార్లు రుద్దాడు. చెరగలేదు. ఆ రంగు ఎంచింది తనే.

కుంచెలు కడిగి సంచిలో పెట్టుకున్నాడు. మిల్లులో తను బొమ్మలు గీసే గది తాళంచెవి మేకుకు తగిలించాడు. "నేను పోతున్న సేటు," అన్నాడు. దయాకర్ రోజూ ఊపినట్టే తల ఊపాడు. ఖదీర్ పెర్కిట్ ఆటో ఎక్కాడు, మళ్లీ ఆ మిల్లు గడప తొక్కలేదు.

గదిలో బల్ల మీద, వంశీ పేరున్న కవర్ల కట్టపైన, ఫిర్దోస్ ఏరిచ్చిన మొన విరిగిన పసుపు కొమ్ము ఉండిపోయింది.