చల్లటి పాసు

వీధిలో అందరూ ఆవిడని లెక్కలావిడ అనేవాళ్లు. అరిగిపోయిన సబ్బుముక్కని కొత్త సబ్బుకి అతికించి వాడే మనిషి మరి. అలాంటావిడ రైలు టికెట్టు దగ్గర ఊరుకుంటుందా? పొద్దున్నే రెండు క్యారియర్లు సర్దుతూ మొగుడి దగ్గర అదే పాట.

"రోజూ టికెట్టు కొంటే చేతిచమురు వదులుతోంది. నెల పాసు కాస్త నయం. ఏడాది పాసయితే రెండు నెలలు ఊరికే తిరిగినట్టు. ఇద్దరికీ అదే తీసుకుందామండీ."

"నీ ఇష్టం," అన్నాడు మేస్త్రి, దగ్గుతూ.

ఇద్దరూ రోజూ రైల్లో పట్నం వెళ్తారు. ఆవిడ ఓ షాపులో బట్టలు కుడుతుంది, ఆయన చలువరాళ్లకి నునుపు పట్టించే మేస్త్రి. ఏటా చలికాలంలో వచ్చే దగ్గు ఈసారి ఎండలు ముదిరినా పోలేదు. ఆ రాతిపొడి పని మానుకోమని డాక్టరు ఎప్పుడో చెప్పాడు. పిల్ల చదువు ఓ కొలిక్కి రానివ్వండి, ఈ ఒక్క ఏడాదీ ఓపిక పట్టండి అని లెక్కలావిడ ఏటా అంటూనే ఉంది. ఆయన ఏటా పడుతూనే ఉన్నాడు.

స్టేషను మెట్లెక్కేసరికి ఆయనకి ఊపిరి అందలేదు. బల్ల మీద కూర్చోబెట్టి, ఆవిడ వరసలో నిలబడింది.

ఆ ఊళ్లో పాసు కొనేవాళ్లు డబ్బు కట్టేముందు కార్డుని చెంపకి ఆనించి చూసుకుంటారు, పుచ్చకాయని వేలితో కొట్టి చూసుకున్నట్టు. ఎవరి ఫోటో ఉందో ఆ మనిషి దాన్ని వాడుకుంటాడంటే కార్డు వెచ్చగా ఉంటుంది. వాడుకోడంటే చల్లగా ఉంటుంది. చల్లగా ఉంటే మారుమాట్లాడకుండా వెనక్కిచ్చేసి రోజు టికెట్టు తీసుకుని పోతారు.

లెక్కలావిడ కార్డు అప్పుడే ఇస్త్రీ చేసిన చొక్కాలా ఉంది. మేస్త్రిది చెంపకి ఆనించగానే ఆవిడ ఒళ్లు జలదరించింది.

"నెలది చూడు బాబూ," అంది.

కౌంటరబ్బాయి ఆ ఫోటోనే నెల కార్డుకి మార్చి ఇచ్చాడు. అదీ చల్లగానే ఉంది.

"వారానిది?"

వారానిదీ అంతే.

"సార్‌కి రోజు టికెట్టు ఇచ్చేస్తానమ్మా, అదే చవక," అన్నాడు అతను మామూలుగా.

చవకన్న మాట వినబుద్ధి కాలేదు ఆవిడకి, జీవితంలో మొదటిసారి. ఇన్నేళ్లూ ఆయన్ని రోజూ రైలెక్కించింది తనే కదా. తన మీద తనకే అసహ్యం వేసింది. ఆయన కార్డుని మళ్లీ మళ్లీ చెంపకి ఆనించి చూసింది.

వెనక నిలబడ్డ పెద్దావిడ భుజం తట్టింది. "భయపడకమ్మా. మా అల్లుడిదీ ఇలాగే చల్లగా వస్తే మేమూ హడలిపోయాం. తీరా చూస్తే ఇంటి పక్కనే పని దొరికింది. ఇంక రైలెందుకు ఎక్కుతాడు?"

లెక్కలావిడ ఆ మాట దగ్గర ఆగిపోయింది. నిజమే. మనిషి రైలు ఎక్కబోడనే కార్డు చెబుతుంది, కారణం చెప్పదు. పోయినా ఎక్కడు, పని మానేసినా ఎక్కడు.

తన పాసు ఒక్కటే తీసుకుని బల్ల దగ్గరికొచ్చింది.

"లేవండి, ఇంటికి పోదాం."

"ఇంటికేంటి? రైలొచ్చే వేళయింది."

"మీరింక ఆ పనికి వెళ్లరు."

"పిల్ల చదువో?"

"షాపులో పొద్దుపోయేదాకా కుడతాను. కాజాలూ గుండీలూ ఇంటికి తెస్తాను, మీరు కుట్టండి. రాళ్లకే నునుపు తెచ్చిన చేతులు, గుడ్డ ఓ లెక్కా?"

మేస్త్రి ఆవిడ మొహంలోకి చూశాడు. కళ్లు ఎర్రబడి ఉన్నాయి. "మరి నా పాసు?" అన్నాడు మెల్లగా.

"తీసుకోలేదు. దండగ."

ఆయన లేచాడు. ఆవిడ చెయ్యి పట్టుకుని మెట్లు దిగాడు.

ఏడాది తిరిగింది. ఇంట్లో కూర తగ్గింది, పాత చీరలకి కొత్త అంచులు పడ్డాయి. పిల్ల చదువు మాత్రం ఆగలేదు. లెక్కలావిడ మళ్లీ వరసలో నిలబడి తన కార్డుని చెంపకి ఆనించుకుంది. వెచ్చగా ఉంది.

"సార్‌ది కూడా చూడమంటారా?" అడిగాడు కౌంటరబ్బాయి.

"వద్దు బాబూ. మా ఆయన రైలెక్కరు."

పాసు కొంగున ముడేసుకుని గేటు వైపు నడిచింది. అక్కడ మేస్త్రి, ఆవిడ క్యారియరు పట్టుకుని, అన్ని మెట్లూ ఎక్కొచ్చి నిలబడి ఉన్నాడు.