మీటింగు రూములో పద్నాలుగో నంబరు

పొద్దున్నే ఆఫీసుకు రాగానే వదిన చేసే మొదటి పని బల్ల మీద తువ్వాలు పరుచుకోవడం. ఆవిడ కంప్యూటర్లో కోడు రాసే ఎడిటర్‌లో ఏఐ ఉంటుంది కదా, దానికి బయటి సమాచారం లైవ్‌లో తగిలిస్తే, ఆ అంకెలతో పాటు అసలు సరుకు కూడా కాస్త గదిలోకి వచ్చేస్తుంది. వాతావరణం లైను తగిలిస్తే కీబోర్డు మీద తుంపర. కూరగాయల మార్కెట్ ధరలు తగిలిస్తే గదంతా ఉల్లిపొట్టు. విమానాల లైను తగిలించిన రోజు ఎవరిదో సూటుకేసు దొర్లుకుంటూ వచ్చి ప్రింటరు పక్కన ఆగింది. సాయంత్రం దాని తాలూకు మనిషి వచ్చి పట్టుకుపోయాడు. ఇదో వింతని ఎవరూ అనుకోరు. ఊడ్చే ఆవిడ మాత్రం ఉల్లిపొట్టు రోజున కాస్త సణుగుతుంది, అంతే.

ఈ గోల గిట్టని మనిషి ఒక్కడే, కంపెనీ యజమాని. వదినకి సొంత మరిది. ఆయన వదినా అని పిలుస్తాడు గనక ఆఫీసంతా అలాగే పిలుస్తుంది. ఆయన్ని మాత్రం చాటుగా గ్రాఫుల సారు అంటారు. ఒక్క లైను కోడు రాయడం రాదు. రాసేవాళ్ళ వెనక నిలబడి గడ్డం నిమురుకోవడం మాత్రం బ్రహ్మాండంగా వచ్చు. లైవ్ లైన్లు పెడితే కార్పెట్ పాడైపోతుందని ఆయన బాధ.

"ఏదో ఒక పాత ఫైలు పడేయండి వదినా, దాన్ని చూసి ఏఐయే చెప్తుంది," అంటాడు.

చెప్తుంది, చెప్పకేం. ఆ ఏఐ ఒట్టి వంతపాట రకం. ఫైల్లో ఉన్నదే లోకమనుకుంటుంది, లేనిచోట తనే అల్లేస్తుంది, పైగా ప్రతిదానికీ "చాలా మంచి ఆలోచన" అంటూ మొదలుపెడుతుంది. మరిదికి అందుకే అదంటే అంత ప్రాణం. ఇంట్లో ఎవరూ ఆయనతో ఆ మాట అనరు మరి.

ఈసారి పని సిటీ బస్సుల సంస్థది. దండగ రూట్లేవో తేల్చి, వాటిని ఎత్తేసే ప్రోగ్రాం రాయాలి. మరిది టికెట్ మిషన్ల ఫైలు ఒకటి పడేశాడు. ఏఐ దాన్ని నమిలి, పద్నాలుగో నంబరు ఖాళీగా తిరుగుతోందని తేల్చింది.

వదినకి ఒళ్ళు మండిపోయింది. పద్నాలుగో నంబరు పెద్దాసుపత్రికి వెళ్ళే బస్సు. ఎక్కేవాళ్ళంతా పాసులవాళ్ళే, ముసలివాళ్ళు, రోగులు. పాసుకి టికెట్ కొట్టరు. టికెట్ కొట్టకపోతే ఆ ఫైలు దృష్టిలో మనిషే లేడు. అలా లేకుండా పోయినవాళ్ళలో వదిన అత్తగారు కూడా ఉంది, అంటే సాక్షాత్తూ ఈ మహానుభావుడి కన్నతల్లి. వారానికి మూడుసార్లు డయాలసిస్‌కి ఆ బస్సే దిక్కు. అది పోతే రెండు బస్సులు మారాలి, మధ్యలో వంతెన మెట్లు ఎక్కాలి. ఆవిడ ఎక్కదు, మానేస్తుంది. మానేస్తే ఏమవుతుందో డాక్టరు చెప్పే ఉన్నాడు. కొడుకు కారు పంపిస్తానన్నాడు. ఓ వారం పంపించి మర్చిపోయాడు. ఇంకా పంపిస్తున్నాననే అనుకుంటున్నాడు.

"వాడి దగ్గర నా మాట ఎత్తావంటే నా మీద ఒట్టే," అంది అత్తగారు ఇంటిదగ్గర. "గుర్తుచేస్తే వచ్చే కారు నాకెందుకే?"

అందుకని వదిన ఆవిడ పేరెత్తకుండానే చెప్పింది. "పాసులవాళ్ళు లెక్కలోకి రాలేదు బాబూ. బస్సు తలుపుల దగ్గర తలలు లెక్కపెట్టే సెన్సర్లున్నాయి. ఆ లైను తగిలిద్దాం."

"బస్సుల లైనా? జనం వచ్చేస్తారు వదినా. అవతల బస్సుల సంస్థ పెద్దాఫీసరు వస్తున్నాడు."

"జనం కోసం కాకపోతే బస్సులెందుకు?"

"సెంటిమెంటు వేరు, డేటా వేరు," అన్నాడు గడ్డం నిమురుకుంటూ. ఏ సెమినార్లోనో కాఫీతో పాటు ఊరికే దొరికిన మాట అయ్యుంటుంది.

పెద్దాఫీసరు వచ్చి మీటింగు రూములో కూర్చున్నాడు. మరిది తెర మీద గ్రాఫు చూపించి, "పద్నాలుగో నంబరు తీసేయొచ్చు సార్, దాదాపు ఎవరూ ఎక్కరు," అన్నాడు. కింద ఏఐ రాసింది: "చాలా మంచి ఆలోచన. తీసేయమంటారా?"

ఎడిటర్ నడుపుతున్నది వదినే. ఆవిడ నింపాదిగా సెట్టింగ్స్ తెరిచి, ఫైలు పేరు చెరిపేసి, బస్సుల లైవ్ లైను చిరునామా పెట్టి, పాస్‌వర్డు కొట్టింది.

ముందు డీజిల్ వాసన వచ్చింది. తర్వాత కండక్టరు గొంతు, "జరగండమ్మా, లోపలికి జరగండి." చూస్తుండగానే గది కిక్కిరిసిపోయింది. చేతికి కట్టుతో ఒకాయన గ్రాఫుకి అడ్డంగా నిలబడ్డాడు. పట్టుకోడానికేమీ లేక ఒకావిడ ప్రొజెక్టరు వైరు పట్టుకుంది. పెద్దాఫీసరు బ్యాగు ఒళ్ళోకి లాక్కుని కాళ్ళు ముడుచుకున్నాడు.

"వీళ్ళని కాస్త బయట వెయిట్ చేయమనండి వదినా," అన్నాడు మరిది పళ్ళు కొరుకుతూ.

"నడుస్తున్న బస్సులోంచి ఎలా దిగుతారు బాబూ?"

"లేవయ్యా, పెద్దావిడ నిలబడింది కనపడట్లా?" అని ఎవరో ఆయన భుజం తట్టారు. మరిది విసురుగా తిరిగాడు. వెనక వాళ్ళమ్మ, రిపోర్టుల కవరు చంకలో పెట్టుకుని, ఆయన కుర్చీనే పట్టుకుని ఊగుతోంది.

"అమ్మా, కారేదీ?"

"ఏ కారు?" అంది. ఎత్తిపొడుపేమీ కాదు, ఆ కారుని ఆవిడ ఎప్పుడో లెక్కలోంచి తీసేసింది.

మరిది లేచాడు. ఆవిడ కూర్చుని, మోకాళ్ళు నొక్కుకుని, కోడలి వైపు చూసింది. "నువ్వు పనిచేసేది ఇక్కడేనుటే? చల్లగా బాగుంది."

తెర మీద ఏఐ తడుముకోకుండా మాట మార్చేసింది: "పద్నాలుగో నంబరులో నిలబడ్డానికి చోటు లేదు. ఇంకో బస్సు వేయమంటారా?"

వదిన ఆఫీసరు వైపు చూసింది.

"వేసేయండి," అన్నాడాయన ఎవరిదో మోచెయ్యి తప్పించుకుంటూ. "ముందు నాకు ఊపిరాడనివ్వండి."

వదిన ఎంటర్ నొక్కింది. కండక్టరు "పెద్దాసుపత్రి" అని కేకేశాడు. అద్దం తలుపు తెరుచుకుంటే అవతల ఆసుపత్రి మెట్లున్నాయి. జనం దిగడం మొదలెట్టారు. దిగడానికి మెట్టు ఎత్తుగా ఉందని అత్తగారు కొడుకు భుజం పట్టుకుంది. ముందు ఆయన దిగితే గానీ ఆవిడకి దిగడం కుదరదు, దిగాడు. తలుపు మూసుకుంది. అవతల మళ్ళీ మామూలు వరండా.

సాయంత్రం ఆసుపత్రి నుంచి మరిది ఫోను చేశాడు. "అమ్మకి డయాలసిస్ అయిపోయింది వదినా. ఇక్కడ స్టూలు తప్ప ఇంకేమీ ఇవ్వరేంటి? నా నడుము పట్టేసింది. తిరుగు బస్సెప్పుడు?"

"స్టాపులో నిలబడి రోడ్డు వైపు చూస్తూ ఉండు బాబూ," అంది వదిన. "అందరూ అలాగే చూస్తారు."