తెల్ల కిటికీల ఇల్లు

మా తోడికోడలు తుర్సునాయ్ ఇంటికి తెల్ల కిటికీలు బిగించిన రోజు నాకు ముద్ద దిగలేదు. ఉన్నమాట చెప్పడానికి నాకు సిగ్గేం లేదు. కుళ్ళుకున్నాను. యుద్ధంలో దాని ఇల్లు కాలిపోయింది, నాది నిలిచింది. కాలినవాళ్ళకి సర్కారు గుట్ట మీద కొత్త ఇళ్ళు కట్టించింది: నీలం రేకుల కప్పు, గాలి చొరని ప్లాస్టిక్ కిటికీలు, వంటింట్లో కుళాయి. నిలిచినవాళ్ళకి "అదృష్టవంతులు" అని ఒక మాట పారేసి పోయారు. నా గోడకి పదకొండు తూటా చిల్లులు. వాటిలో నేనే మట్టి మెత్తుకున్నాను.

అసలు మొదటినుంచీ దాని రాత అలాంటిది. మాలో తండ్రి ఇల్లు చిన్నకొడుకుదే. పెద్దకోడలిగా వచ్చిన నేను మా ఆయనతో కలిసి మట్టి తొక్కి, ఇటుకలు కోసి, కాలువ గట్టున ఇల్లు కట్టుకున్నాను. నా తర్వాత ఎనిమిదేళ్ళకి వచ్చిన తుర్సునాయ్ వస్తూనే మామగారి ఇంట్లో కాళ్ళు బారజాపుకుని కూర్చుంది. ఆ ఇల్లు పోతే దానికి ఇంకోటి వచ్చింది. నాకెవరిచ్చారు?

పైగా ఊరందరికీ ఒకటే అనుమానం, ఈ బూబుసారా ఇల్లెందుకు కాలలేదని. ఎందుకు కాలలేదో నాకు తెలుసు. కాలువకి ఇవతల మేం కిర్గిజులం, అవతల తజికులు. అవతలి గట్టున ఉండే సబోహత్, నేనూ ఒకే ఏడు కాపురానికి వచ్చినవాళ్ళం. ఇరవయ్యేళ్ళు ఆవిడ ఎండు ఖుబానీ పళ్ళు ఇటూ, నా వెన్న అటూ వెళ్ళాయి. మేం పిల్లల్ని తీసుకుని పారిపోయిన రోజు, వాళ్ళ పైఊళ్ళ మగాళ్ళు పెట్రోలు డబ్బాలతో మా వరసలోకి వచ్చారు. సబోహత్ కాలువ దాటి వచ్చి నా గుమ్మంలో నిలబడి, "ఇది నా ఇల్లు, ముట్టుకుంటే ఊరుకోను" అందట. పైఊళ్ళ వాళ్ళకి ఏ ఇల్లు ఎవరిదో ఏం తెలుసు, నమ్మి వెళ్ళిపోయారు. నెల తర్వాత గట్టు మీద నిలబడి తనే నాతో చెప్పింది. నేను మాత్రం ఎవరికీ చెప్పలేదు. శత్రువు కాపాడిన ఇల్లని తెలిస్తే మావాళ్ళు నా మొహాన ఉమ్మేవాళ్ళు.

మా ఇళ్ళు కాలిన మర్నాడే మావాళ్ళు అటు వెళ్ళి సబోహత్ ఇల్లు కాల్చేశారు. ఆవిడ గుమ్మంలో నిలబడినవాళ్ళు ఎవరూ లేరు. అప్పట్నుంచి ఆవిడ మరిది పంచన బతుకుతోంది.

మూడేళ్ళకి రెండు సర్కార్లూ రాజీకి వచ్చాయి. నీటి తూము మాకు వస్తుంది. బదులుగా కాలువ గట్టున ఉన్న మా దిగువ వరస వాళ్ళకి పోతుంది. అందులో కాలిన స్థలాలున్నాయి, నిలిచిన ఇళ్ళు నాదీ ఇంకో నాలుగూ ఉన్నాయి. మాకు గుట్ట మీద కొత్త ఇళ్ళిస్తారట. ఆ మాట విన్నాక తెల్ల కిటికీలు తప్ప ఇంకేమీ నా చెవికెక్కలేదు.

బడి హాల్లో సభ పెట్టారు. ఊరు ఒప్పుకుంటేనే సంతకం అన్నాడు పట్నం నుంచి వచ్చిన అధికారి.

"మొదటి రాయి వాళ్ళదే. నా కళ్ళతో చూశా" అన్నాడు ఎర్గేష్ తాత.

"రాయి సంగతి సరే తాతా, తూముకి తాళం వేసిందెవరు?" అన్నాడు బడి మాస్టారు.

"తూము దగ్గర వాళ్ళు కెమెరా స్తంభం పాతబట్టి వేశాం."

"మనం నీళ్ళు ఆపబట్టి వాళ్ళు పాతారు."

"ఇలా వెనక్కి పోతే తాత మేకలు వాళ్ళ తోటలో పడ్డ రోజు దగ్గర తేలతాం" అని వెనక బెంచీలోంచి ఎవరో అన్నారు. హాలంతా నవ్వింది.

తుర్సునాయ్ లేచింది. "నవ్వులాటగా ఉందా మీకు? నా ఇల్లు తగలబెట్టింది వాళ్ళు. మా మామగారు నాటిన ఖుబానీ చెట్లు వాళ్ళ చేతిలో పెట్టి దానికి రాజీ అని పేరు పెట్టాలా? ముందు తప్పు ఒప్పుకోమనండి, తర్వాత మాట్లాడదాం."

జనం చప్పట్లు కొట్టారు. ఒకళ్ళిద్దరు కళ్ళు తుడుచుకున్నారు. నా కిటికీలు చేజారిపోతున్నాయి. లేచాను.

"ఎన్నాళ్ళు కొట్టుకు చస్తాం? ఇచ్చేద్దాం, పీడా పోతుంది" అన్నాను.

"నీకేం అక్కా, ఎన్నయినా చెబుతావు. నీ ఇల్లు నిలిచింది. ఎందుకు నిలిచిందో మాక్కూడా కాస్త చెప్పరాదూ?" అంది తుర్సునాయ్.

ఒళ్ళు మండిపోయింది. "నా ఇంటి సంగతి తర్వాత చెబుతా. అవతల సబోహత్ ఇల్లు ఎవరు కాల్చారో ముందు నువ్వు చెప్పవే. తప్పు ఒప్పుకోవాలన్నావుగా. మన ఇంటినుంచే మొదలుపెడదాం."

ఆ సంగతి ఊళ్ళో తెలియనివాళ్ళు లేరు, అన్నవాళ్ళూ లేరు. తుర్సునాయ్ పక్కన మా మరిది టోపీ తీసి ఒళ్ళో పెట్టుకుని దాని కుట్లు చూస్తూ కూర్చున్నాడు. తుర్సునాయ్ మెల్లగా కూర్చుంది. అప్పుడు నేను చెయ్యెత్తాను. నా వెనక మాస్టారు, ఆ తర్వాత ఒక్కొక్కరే ఎత్తారు.

అధికారి వచ్చి నా చెయ్యి పట్టుకుని ఊపాడు. "మీలాంటి తల్లులుంటే యుద్ధాలే రావమ్మా" అన్నాడు. నేను తల వంచుకున్నాను. అణకువ అనుకుని ఉంటాడు.

వేసవి చివరికి నాకు ఇల్లొచ్చింది, తుర్సునాయ్ ఇంటి పక్కనే. దానికి ఆరు కిటికీలైతే నాకు ఏడు. రెండుసార్లు లెక్కపెట్టాను. పదిరోజులు ఆ ఏడో కిటికీ తుడవడమే నా పని. పదకొండో రోజు పొద్దున్నే దాంట్లోంచి కిందకి చూస్తే, కొత్త ముళ్ళకంచెకి అవతల నా పాత ఇంటి పెరట్లో పొగ లేస్తోంది. ఇల్లు కాలినవాళ్ళకి వాళ్ళ సర్కారు ఆ ఇళ్ళు పంచింది. నాది సబోహత్‌కి వచ్చింది.

ఇది నా ఇల్లు అని ఆవిడ ఆ రోజు ఆడిన అబద్ధం నిజమైంది. నిజం చేసింది నా చెయ్యే. అయినా అది నా తందూరు. మేకవెంట్రుకలు కలిపి మట్టి పిసికి నేను చేసుకున్న పొయ్యి. అందులో ఆవిడ తల దూర్చి గోడకి రొట్టె అంటిస్తోంది, నా చెట్టు కింద నిలబడి చెయ్యి తుడుచుకుంటోంది.

తుర్సునాయ్ ఎప్పుడొచ్చిందో నా వెనక నిలబడింది. సభ తర్వాత అది నా గడప తొక్కడం అదే మొదటిసారి.

"చూస్తున్నావా అక్కా" అంది. "చూడు. మూడేళ్ళు నేనూ ఇలాగే చూశాను. ఈ గుట్ట మీద కూర్చుని నీ ఇంటి పొగ చూసి ఏడ్చేదాన్ని. అన్నీ కొత్తవే ఇచ్చారు. అత్తగారి ఉయ్యాల కాలిపోతే కొత్తది ఎవరిస్తారు?"

ఇది నన్ను చూసి ఏడవడమా? జరిగి చోటిచ్చాను.

కింద సబోహత్ పొయ్యిలోంచి మాడిన రొట్టె ఒకటి తీసి నేల మీద వేసింది. తర్వాత ఇంకోటి. నాకు చెప్పలేనంత సంతోషం కలిగింది. ఆవిడ తలెత్తి మమ్మల్ని చూసింది.

"బూబుసారా," అని కేకేసింది, "ఎడమ పక్క అంటించినవి నిలవడం లేదు. అన్నీ నిప్పుల్లో పడుతున్నాయి. ఏం చెయ్యను?"

ఆ ఎడమ గోడ గుట్టు ఈ లోకంలో నాకొక్కదానికే తెలుసు. తుర్సునాయ్ తన తందూరు కోసం పదేళ్ళు బతిమాలింది, చెప్పలేదు. ఓరగా ఉన్న కిటికీ రెక్క బార్లా తెరిచాను.

"మజ్జిగ తేటలో ఉప్పు వేసి గోడ మీద చల్లు. అది ఆరిపోయాక అంటించు" అని అరిచాను.

సబోహత్ చెయ్యి గుండె మీద పెట్టుకుని లోపలికి వెళ్ళింది.

"నేను పదేళ్ళు అడిగాను" అంది తుర్సునాయ్. మొహం ఎర్రబడింది. "నాకు చెప్పలేదు. దానికి ఒక్క కేకకే చెప్పేశావు."

"ఆవిడ నా గుమ్మంలో నిలబడింది" అన్నాను. "పెట్రోలు డబ్బాలవాళ్ళు వచ్చిన రోజు. ఇది నా ఇల్లు అని చెప్పి వెనక్కి పంపింది. అందుకే కాలలేదు. అడిగావుగా సభలో."

తుర్సునాయ్ కిటికీలోంచి అటే చూస్తూ ఉండిపోయింది. దాని మొగుడు ఆ మర్నాడు ఎక్కడికి వెళ్ళాడో అది మర్చిపోలేదు, నేనూ మర్చిపోలేదు. కాసేపటికి కిందనుంచి రొట్టెల వాసన వచ్చింది. ఈసారి ఏవీ పడినట్టు లేదు.

తుర్సునాయ్ నా వైపు తిరిగింది.

"ఉప్పు ఎంత వెయ్యాలి?" అని అడిగింది.