నన్ను పెళ్లాడబోయిన హైమావతి

నేను ఒక విగ్గును. ఈ మాట చదవగానే మీలో కొందరి చెయ్యి నెత్తి మీదికి వెళ్లే ఉంటుంది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకోవడం మీ వాళ్లకు అలవాటే. కంగారు పడకండి, మీ సంగతి ఎవరికీ చెప్పను. గుట్టు దాచడానికే పుట్టినదాన్ని. ఒక్కసారి మాత్రం దాచలేకపోయాను. ఆ కథే ఇది.

నా పుట్టుక చిత్రమైనది. ఆడదానికి జుట్టే అందమని నమ్మే దేశంలో, ఆ అందాన్ని తీసి దేవుడికి ఇచ్చేస్తే కోరిక తీరుతుందని ముగ్గురు ఆడవాళ్లు గుండు చేయించుకున్నారు. దేవుడు మెచ్చాడో లేదో గానీ జుట్టు వ్యాపారి మెచ్చాడు. మద్రాసు శివార్లలో ఒక రేకుల షెడ్డులో మమ్మల్ని మందునీళ్లలో నానబెట్టి, కొక్కెం సూదితో ఒక్కొక్క వెంట్రుకనే వలకు ముడి వేశారు. ఆ ముగ్గురిలో ఒకావిడ జుట్టు ఉంగరాలు, ఒకావిడది ఎర్రటి పీచు, ఇంకొకావిడది సగం నెరిసింది. అందరినీ ఒకే నల్లరంగులో ముంచి తీశారు. మనుషులకు అందం అంటే అంతే, అందరూ ఒకేలా కనబడాలి.

అక్కణ్ణించి రాజమండ్రిలో నాటకాల సామాను అమ్మే కామరాజు కొట్టుకు వచ్చాను. మొదట నన్ను పెట్టుకున్నది నూకరాజు అనే నటుడు. అరవై దగ్గర పడినా నా చలవ వల్ల ఇరవై ఏళ్ల రాకుమారుడయ్యేవాడు. ముందు వరసలో కూర్చున్నవాళ్లకు ఆయన మెడ మీది ముడతలు బాగా కనబడేవి. అయినా ఈలలు వేసేవారు. నాటకమని తెలిసి చూసేవాళ్లు చాలా నయమండీ. తరవాత తెలిసొచ్చింది నాకు. నూకరాజు నాటకాలు మానేశాక నన్ను కొట్టుకు తిరిగి ఇచ్చేశాడు.

ఒకనాడు ఆ కొట్టుకు కడియం నుంచి అమ్మాజీ గారు వచ్చారు. వెంట ఆవిడ కొడుకు త్రిమూర్తులు. వాళ్లకు మొక్కల నర్సరీ ఉంది. అతనికి ముప్పై ఒకటి. అంటు కడితే ఎండుపుల్లకైనా చిగురు వస్తుందని కడియంలో చెప్పుకునేవారు. కానీ సొంత నెత్తి మీద మాత్రం ఒక్క మొలకా నిలవలేదు. ఉల్లిపాయ రసం, కోడిగుడ్డు సొన, ఎవరో కొండమీంచి తెచ్చిన నూనె అన్నీ అయ్యాయి. బట్టతల అని మూడు సంబంధాలు వెనక్కి పోయాయి. ఆ మూడూ పోయాక కూడా అమ్మాజీ గారు తన షరతులు తగ్గించలేదు. పిల్ల తెల్లగా ఉండాలి, సన్నగా ఉండాలి, జడ నడుం దాటాలి. కొప్పున్నమ్మ ఏ ముడి వేసినా అందమేనని ఆవిడ తరచూ అనేవారు. కొప్పు లేని అయ్య సంగతి మాత్రం ఎత్తేవారు కాదు.

"ఎందుకమ్మా ఇది? తెలిసిపోద్ది," అన్నాడు త్రిమూర్తులు, కామరాజు నన్ను అతని నెత్తిన పెట్టి సర్దుతుంటే.

"నోర్ముయ్. వెయ్యి అబద్ధాలాడైనా ఓ పెళ్లి చెయ్యమన్నారు. మనది ఒక్కటేగా! ఇంకా తొమ్మిదొందల తొంభై తొమ్మిది మిగిలున్నాయ్," అన్నారు అమ్మాజీ గారు.

అద్దంలో చూసుకున్నాను. అదిరిపోయాను. నా కింద ఎవరో ఉన్నారన్న సంగతి కూడా నాకు తట్టలేదు.

పెళ్లిచూపులు అమలాపురం దగ్గర. పిల్ల పేరు హైమావతి, టైపు నేర్పే ఇన్‌స్టిట్యూట్‌లో పని. చామనఛాయ అని నాలుగు సంబంధాలు తప్పిపోయినట్టు తరవాత తెలిసింది. మేం వెళ్లేసరికి ఆ పిల్ల ముఖానికి దట్టంగా పౌడరు దిద్ది, సవరం పెట్టి జడను నడుం దాటించి, కిటికీలన్నీ మూసేసి ట్యూబులైటు కింద కూర్చోబెట్టారు. ఎండ పడితే అసలు రంగు బయటపడుతుందని భయం. ఇటు అమ్మాజీ గారు కూర్చోగానే, "మా వాడికి ఫ్యాను గాలి పడదండీ, కాత్త ఆపండి," అన్నారు. గాలికి నేను లేస్తానని ఆవిడ భయం. పిల్లకు వెలుతురు తగలకూడదు, పిల్లాడికి గాలి తగలకూడదు. మూసిన గదిలో పదిహేనుమంది చెమటలు కక్కుతూ బొబ్బట్లు తిన్నారు. ఎవరూ ఎందుకని అడగలేదు. అడిగితే తిరిగి అడుగుతారు కదా!

వెళ్లేముందు త్రిమూర్తులు వరండాలో ఒక మల్లె కుండీ చూశాడు. ఆకులు పసుపెక్కి వేలాడుతున్నాయి. అంతే, పెళ్లిచూపులకు వచ్చానన్న సంగతే మరిచిపోయాడు. కొత్త ప్యాంటుతోనే నేల మీద గొంతుక్కూర్చుని మట్టిలోకి వేలు గుచ్చాడు.

"నీళ్లెక్కువ పోసేత్తన్నారండీ, వేరు కుళ్లిపోతంది. ఈ మట్టి తీసేసి ఇసక కలపండి. వారం రోజులు నీడలో ఉంచండి," అని గుమ్మంలో నిలబడ్డ హైమావతికి చెప్పాడు. చెబుతూ చెబుతూ కుళ్లిన వేరును గోటితో గిల్లి చూపించాడు. వంగినవాడు వంగినట్టే ఉండటంతో నేను జారి నుదుటి మీదికి వచ్చేశాను. అతను గమనించలేదు. నా ప్రాణం పోయింది. ఆ పిల్ల మాత్రం కుండీని చూసింది, అతని చేతులను చూసింది, తల ఊపింది.

సాయంత్రానికి అమ్మాయికి ఇష్టమేనని కబురు వచ్చింది. నా వల్లే అనుకున్నాను. నేను లేకపోతే ఆ ముఖానికి ఎవరు ఒప్పుకుంటారని రెండు నెలలు గర్వంతో మిడిసిపడ్డాను. విగ్గుకైనా, మనిషికైనా నెత్తికెక్కితే ఇంతే.

వైశాఖంలో పగటి ముహూర్తం పెట్టారు. కోనసీమ ఉక్కపోత సంగతి మీకు తెలిసిందే. కామరాజు ఇచ్చిన జిగురుతో నన్ను అతికించారు. మంగళస్నానాలు గది గడియ పెట్టి అమ్మాజీ గారే చేయించారు, నెత్తి మీద ఒక్క చుక్క పడకుండా. ఇన్ని ఆలోచించిన ఆవిడకు, తెలుగువాళ్ల పెళ్లంటే ఒకరి నెత్తి ఒకరు పట్టుకోవడమేనన్న సంగతి మాత్రం ముహూర్తానికి గంట ముందు తట్టింది. పరుగున పురోహితుడు సోమయాజులు గారి దగ్గరికి వెళ్లారు.

"జీలకర్ర బెల్లం కాత్త పొడిపొడిగా నూరించండి పంతులుగారూ."

"పొడిగా ఉంటే నిలవదమ్మా. ఎంత అంటుకుంటే దాంపత్యం అంత గట్టి," అన్నారాయన. అప్పటికే ముద్ద నున్నగా తీగ సాగుతోంది.

తెర అడ్డం పట్టారు. మేళం మోగింది. తెరకు అటునుంచి తమలపాకులో ముద్దతో హైమావతి చెయ్యి వచ్చి నా నడినెత్తిన దిగింది. ఇటునుంచి త్రిమూర్తులు చెయ్యి ఆమె మాడు మీదికి వెళ్లింది. తెర దించారు. అక్షింతలు పడ్డాయి. ఆకు అంచులు దాటి బెల్లం నా వెంట్రుకల్లోకీ, ఆమె వేళ్ల సందుల్లోకీ పాకింది. కింద జిగురు చెమటకు కరిగిపోయింది. ఇప్పుడు నేను త్రిమూర్తులు నెత్తికన్నా హైమావతి చేతికే గట్టిగా అంటుకుని ఉన్నాను.

"చాలు తల్లీ, చెయ్యి తియ్యి," అన్నారు సోమయాజులు గారు.

ఆమె తియ్యలేదు. ఆయన రెండోసారి చెప్పినా తియ్యలేదు. అమ్మలక్కలు మురిసిపోయారు, చూశావా ఎంత ప్రేమో అని. అమ్మాజీ గారికి మాత్రం కోడలు మొదటిరోజే నెత్తికెక్కిందనిపించింది.

"ఊడొచ్చేత్తందండీ," అంది హైమావతి, పెదవులు కదలకుండా.

"ఏటండీ?"

"మీ జుట్టు. చెయ్యి తీత్తే దాంతోపాటే వచ్చేత్తది. తియ్యనా, ఉంచనా? మీరు ఎలాగంటే అలాగే."

అతను కళ్లు మూసుకున్నాడు. జన్మలో నేను అంత భయపడింది లేదు. ఉంచమను నాయనా, ఉంచమను అని ఎంత మొత్తుకున్నానో!

"తీసెయ్యండి," అన్నాడు త్రిమూర్తులు. "ఉక్క చంపేత్తంది."

ఆమె చెయ్యి తీసింది. నేను పైకి లేచాను. ఐదువందల మంది ముందు ఒక ఆడపిల్ల చేతిలో వేలాడుతూ, పీటల మీద నిగనిగలాడుతున్న ఆ నెత్తిని మొదటిసారి బయటినుంచి చూశాను. మేళం వాళ్లు వాయించడం ఆపేశారు.

పిల్ల మేనమామ సత్తిరాజు ఒక్క గెంతులో మండపం ఎక్కాడు. "బట్టతల దాచి మా పిల్ల గొంతు కోద్దామనుకున్నారా? దగా!" అని అరిచాడు. అరుస్తుంటే మీసాలకు వేసిన రంగు చెమటతో కలిసి గడ్డం మీదికి నల్లగా కారుతోంది.

"మీ పిల్ల రంగు మాత్రం కడిగితే ఉంటదేటి?" అని అమ్మాజీ గారు లేచారు. "ఆ జడలో సగం సవరం కాదేటి? నాకు తెలవదనుకున్నారేటి?"

పౌడరు కొట్టుకున్నవాళ్లూ, రంగు వేసుకున్నవాళ్లూ, కట్టుడు పళ్ల వాళ్లూ అందరూ న్యాయం చెప్పడానికి మండపం చుట్టూ చేరారు. నిజం చెప్పాలంటే, అన్ని అబద్ధాలు ఒకేచోట నిజాయితీ గురించి మాట్లాడటం నేను నాటకాల్లో కూడా చూడలేదు. ఇంతలో ఒక పెద్దాయన అసలు చిక్కు లేవదీశాడు. పెళ్లి అయినట్టా, కానట్టా?

సోమయాజులు గారు ముక్కుపొడుం పీల్చి, నన్ను పరీక్షగా చూశారు. "జీలకర్ర బెల్లం పడవలసింది వరుడి బ్రహ్మరంధ్రం మీద. పడిందేమో ఈ వెంట్రుకల టోపీ మీద. శాస్త్రం అడిగితే, పిల్ల పెళ్లాడింది దీన్ని."

నన్ను! నాకు ఒళ్లు పులకరించింది.

"అయితే పెళ్లి కాలేదు! లేమ్మా!" అన్నాడు సత్తిరాజు.

"ముహూర్తం ఇంకా ఆరు నిమిషాలుంది," అన్నారు సోమయాజులు గారు.

ఇంత గొడవలోనూ త్రిమూర్తులు చెయ్యి ఆమె మాడు మీదే ఉంది. తియ్యమని అతనికెవరూ చెప్పలేదు. అతను తల దించుకుని నెమ్మదిగా అన్నాడు.

"మీకిష్టం లేపోతే చెప్పేయండి. నేను దిగిపోతాను. తప్పు మాదేనని నేనే అందరికీ చెప్తాను. మీ మీద మాట పడనివ్వను."

"ఆ రోజే చూశానండి," అంది హైమావతి. "కుండీ కాడ వంగినప్పుడు నుదుటి మీదికొచ్చేసింది."

"మరి చెప్పలేదేం?"

"మొక్క బతకడం గురించి చెప్తన్నారు కదా. మజ్జలో ఇదెందుకని."

అతను తలెత్తాడు. చుట్టూ వందమంది అరుస్తున్నారు, అమ్మ ఏడుస్తోంది, పెళ్లి పోయేలా ఉంది. అతను అడిగిందేమిటో తెలుసా?

"బతికిందాండీ?"

"బతికిందండీ. నిన్న మొగ్గలేసింది."

అప్పుడు నాకు అర్థమైంది, రెండు నెలలుగా నేను దేనికి మురిసిపోయానో దానికీ ఈ పెళ్లికీ ఏ సంబంధమూ లేదని. సిగ్గేసింది. బోడిగుండుకీ మోకాలికీ ముడిపెట్టుకున్నది నేనే.

హైమావతి నన్ను ఒళ్లో పెట్టుకుని, నాకు అంటిన ముద్దనంతా వేళ్లతో గీకి తీసింది. మేనమామ చెయ్యి పట్టుకోబోతే, "ఉండు మావయ్యా, ముందు నీ గడ్డం తుడుచుకో," అంది. ఆ ముద్దను అతని నెత్తి మీద పెట్టింది. నున్నటి నెత్తి కావడంతో అది నిలవక చెవి వైపు జారింది. పైకి తోసింది. మళ్లీ జారింది. చివరికి రెండు చేతులతో ఆ తలను గట్టిగా పట్టుకుని కూర్చుంది. ఆమె ముంజేతుల పౌడరు చెమటకు కరిగి, అసలు రంగు బయటపడింది. అతను ఆ చేతులనే చూస్తున్నాడు. జన్మలో మొదటిసారి నన్నెవరూ చూడలేదు.

"గట్టిమేళం!" అని సోమయాజులు గారు కేకేశారు.

ఆ తరవాత నాకు చీమలు పట్టాయి. కొన్నాళ్లు అటక మీద, కొన్నాళ్లు సామాన్ల గదిలో గడిపాను. త్రిమూర్తులు కొత్త ఇల్లు కట్టుకున్నప్పుడు, చూరుకు కట్టే దిష్టిబొమ్మకు జుట్టు కావాలంటే నన్ను తీశారు. ఇప్పుడు నా కింద కోరలున్న ముఖం ఉంది. దారినపోయేవాళ్లు చూసి జడుసుకుంటారు. అందంగా కనిపించడం కన్నా ఇదే తేలిక ఉద్యోగం.

ఇక్కణ్ణించి కిటికీలో హాలంతా కనిపిస్తుంది. గోడకు పెళ్లి ఫొటో ఉంది. అమ్మాజీ గారు స్టూడియోవాడి చేత త్రిమూర్తులు నెత్తి మీద నల్ల ఇంకుతో ఒత్తయిన క్రాపు వేయించి, కోడలి ముఖానికి నాలుగు పూతల తెలుపు వేయించి, పెద్దది చేయించి తగిలించారు. చూడవచ్చినవాళ్లంతా ఎంత చక్కటి జంటో అంటారు. కింద కుర్చీలో కూర్చున్న బట్టతలాయన తలాడిస్తాడు.

వాళ్లకు నాలుగేళ్ల కూతురు. తల్లి రంగే వచ్చింది. ఆదివారం ఆదివారం అమ్మాజీ గారు ఆ పిల్లను పీట మీద కూలేసి, శనగపిండీ మీగడా కలిపి ఒళ్లంతా రుద్దుతారు, ఆ ఫొటోలో అమ్మలా తెల్లగా అవ్వాలని. మొన్న ఆదివారం పిండి ముఖంతోనే ఆ పిల్ల ఫొటో కేసి చాలాసేపు చూసింది. ముక్కుపుడకను బట్టి తల్లిని గుర్తుపట్టింది. పక్కనున్న క్రాపు మనిషిని ఎంత చూసినా పోల్చుకోలేకపోయింది.

"అమ్మా, మీ పెళ్లికి నాన్న రాలేదా?"

అమ్మాజీ గారి చెయ్యి పిండిలోనే ఆగిపోయింది. హైమావతి వంటింట్లోంచి వచ్చి, కూతురి ముఖం మీది పిండిని తన కొంగుతో తుడిచేసింది.

"వచ్చారమ్మా," అంది. "కాత్త ఆలీసంగా వచ్చారు."